బంటు

కడప జిల్లా వేంపల్లెకు దగ్గర్లో పాపాఘ్ని నది కొండను కోసుకుని బయటపడే ఇరుకు చోటుంది. దాన్నే గండి అంటారు. శ్రావణ శనివారాల్లో చుట్టుపక్కల ఊళ్ళన్నీ అక్కడికి కదులుతాయి. అక్కడ కొలువైన దేవుడు వీరాంజనేయుడు. లంక నుంచి తిరిగి వస్తున్న రాముణ్ణి వాయుదేవుడు రెండు కొండల నడుమ బంగారు తోరణం కట్టి ఆహ్వానించాడని స్థలపురాణం. రాముడు అక్కడ కాసేపు ఆగి, తన పనికి ప్రాణం ఒడ్డిన హనుమంతుణ్ణి తలచుకుని, బాణపు మొనతో బండ మీద అతని రూపు గీశాడట. చిటికెన వేలు ఒక్కటీ మిగిలిపోయింది. తరవాత ఒక శిల్పి దాన్ని పూర్తిచేయబోతే రాయి నుంచి నెత్తురు కారిందని చెబుతారు.

ఏలిక కోసం బంటు గుడి కట్టించిన కథలు మనకు ఊరూరా ఉన్నాయి. గండి కథ దానికి ఎదురు దిక్కుగా నడుస్తుంది. ఇక్కడ ఏలికే కూర్చుని, తన చేత్తో బంటు రూపు గీశాడు. మరొకరికి పురమాయించలేదు. యుద్ధం ముగిసింది, గెలుపు దక్కింది, ఇంటికి పోవాలన్న తొందర ఉంది. అయినా తన కోసం పోరాడినవాణ్ణి తలచుకోవడానికి ఆగాడు. సైనికుణ్ణి గౌరవించడమంటే ఏమిటని అడిగితే ఈ కొండప్రాంతపు జనం ఎప్పుడో చెప్పుకున్న జవాబు ఇది. ఆ జవాబు ‘బంటు’ అనే చిన్న మాటలో దాగి ఉంది. ఇవాళ మనం సైనికులకు వాడే మాటలు చాలా ఉన్నాయి: జవాను, వీరుడు, అమరుడు, మాజీ సైనికుడు. వీటిలో ఏదీ బంటు మోసినంత బరువు మోయదు. ఆ బరువేమిటో, అది ఎలా తగ్గిపోయిందో, మళ్ళీ ఎందుకు కావాలో చెప్పడమే ఈ చర్చ.

బంటుకు మూలం సంస్కృతంలోని ‘భట’ శబ్దం. భటుడు ప్రకృతి, బంటు వికృతి. కన్నడంలో ఇదే ‘బంట’ అయింది. భట శబ్దం ఇంకా వెనకటి ‘భృత’ నుంచి జనవ్యవహారంలో అరిగి వచ్చిన రూపం. దాని ధాతువు ‘భృ’. భరించడం, పోషించడం అని అర్థం. ఈ ధాతువు సంతానం మన ఇళ్ళలో రోజూ తిరుగుతూనే ఉంది. భారం, భరణం, భృతి, భృత్యుడు, భర్త, అన్నీ ఒక తల్లి పిల్లలే. కాబట్టి ధాత్వర్థంలో బంటు అంటే కత్తి పట్టినవాడు కాదు, గుర్రమెక్కినవాడూ కాదు. ఒకరు పెట్టిన తిండి తిని, వాళ్ళ భారం తాను మోసేవాడు.

పోషణ అనే అర్థం నుంచి పుట్టిన మాట కాబట్టి బంటులో ఎప్పుడూ ఇద్దరుంటారు. వీరుడు ఒంటరిగా వీరుడు కాగలడు. బంటు ఒంటరిగా బంటు కాలేడు. ఎవరి బంటు అన్న ప్రశ్న వెంటనే పుడుతుంది. పెట్టినవాడికీ తిన్నవాడికీ నడుమ ఋణం రెండు వైపులా ఉంటుంది. పాత కన్నడ వ్యవహారంలో ‘జోళవాళి’ అని ఒక గొప్ప మాట ఉంది. జోళమంటే జొన్న. తిన్న జొన్నలకు కట్టుబడి ఉండే ధర్మం అని దాని భావం. జొన్న సంకటి తిని పెరిగిన సీమవాళ్ళకు ఈ మాటను వివరించి చెప్పనక్కరలేదు. ‘వాని ఉప్పు తిన్నాం’ అని మనవాళ్ళు గొంతు తగ్గించి చెప్పేది దీన్నే. అయితే జోళవాళిని తిన్నవాడి వైపు నుంచే చూడటం సగం చూపు. జొన్నలు పెట్టినవాడికీ ఒక ధర్మముంది. బంటు చేతులు బలంగా ఉన్నంత కాలం పెట్టి, అవి సడలిన రోజున కంచం లాగేసుకోకూడదు. భృతి అనే మాట కూడా భృ నుంచే పుట్టింది. పింఛను దయాధర్మం కాదని చెప్పడానికి వేరే వాదన అక్కరలేదు. బంటూ భృతీ ఒకే కడుపున పుట్టాయి.

నిఘంటువులు తిరగేస్తే బంటుకు రెండు అర్థాలు పక్కపక్కనే కనిపిస్తాయి: శూరుడు, సేవకుడు. ఇవాళ్టి మన చెవికి ఈ రెండూ దూరదూరంగా వినిపిస్తాయి. శూరుడు తలెత్తుకుని నిలబడతాడు, సేవకుడు తల వంచుకుని ఉంటాడు అని మనం అనుకుంటాం. పాత తెలుగుకు ఆ విభజన తెలియదు. ‘బంటుతనం’ అంటే పరాక్రమమే. ఎవరికైనా ‘బంటువురా’ అన్నారంటే అది మెచ్చుకోలు. ‘నమ్మినబంటు’ అన్నప్పుడు ధైర్యమూ విశ్వాసమూ విడదీయరాకుండా వినిపిస్తాయి. ఇతరుల కోసం నిలబడటానికి ధైర్యం కావాలి, ధైర్యం ఇతరుల కోసం కాకపోతే విలువలేదు అన్న ఎరుక మన భాషకు ఉండేది. అందుకే రెండింటికీ ఒకే పేరు పెట్టుకుంది.

ఈ ఎరుకను సంగీతంలో నిలిపినవారు త్యాగరాజు. హంసనాద రాగంలో ఆయన కట్టిన ‘బంటురీతి’ కీర్తన తెలుగు పాడేవాళ్ళందరికీ తెలుసు. రాముడి దగ్గర ఆయన అందులో కోరింది సిరిసంపదలు కాదు, కొలువు. బంటుకు ఉండవలసిన కవచం, గుర్తుబిళ్ళ, కత్తి, ఈ మూడింటినీ భక్తిపరంగా మలచి తన ఒంటికి తొడుక్కున్నారు. కామక్రోధాలను పడగొట్టడమే ఆయన కోరిన యుద్ధం. శత్రువు లోపలివాడైనా బయటివాడైనా బంటుకు కావలసింది అప్రమత్తత, నిగ్రహం, ఏలిక మీద ప్రేమ అని ఆ కీర్తన చెబుతుంది. అందులోని గుర్తుబిళ్ళను మనసులో ఉంచుకోండి. మన సీమ చరిత్రలో ఆ బిళ్ళకు వేరే కథ జరిగింది.

చదరంగంలోనూ బంటున్నాడు. చతురంగ బలాల్లో కాల్బలమంటే అతనే. ముందు వరసలో నిలబడేదీ, ముందుగా పడేదీ అతనే, వెనక్కి అడుగు వేయడానికి వీల్లేనిదీ అతనికే. అవతలి గట్టు చేరితే మాత్రం మంత్రి అవుతాడు. ఇంగ్లీషులో ఈ పావును ‘పాన్’ అంటారు. ఆ మాట లాటిన్‌లో పాదాన్ని చెప్పే మూలం నుంచి, కాలినడకన పోరాడే భటుడన్న అర్థంతో పుట్టింది. కచేరీ జవానును చెప్పే ‘ప్యూన్’ కూడా అక్కడి నుంచే వచ్చింది. సైన్యానికి ముందు నడిచి బాటలు వేసే ‘పయనీర్’ కూడా ఆ కుదురుదే. 1780లో మొదలైన మద్రాసు పయనీర్లే ఇవాళ బెంగళూరు కేంద్రంగా ఉన్న మద్రాసు సాపర్లు. అంటే కాలిబంటు అన్న ఒకే తలంపు నుంచి అక్కడ మూడు మాటలు మూడు దారులు పట్టాయి. ఒకటి ఆటలో పావు, ఒకటి కచేరీ గుమ్మం దగ్గర నిలబడే మనిషి, ఒకటి దారి చూపే ముందడుగు. మన బంటుకూ అలాంటి చీలికే వచ్చింది. అది మన దత్తమండలాల నేల మీద, తేదీలతో సహా చెప్పగలిగేటంత స్పష్టంగా జరిగింది.

1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేశాడు. అప్పటికి సీమంతటా పాలెగాళ్ళున్నారు, వాళ్ళ కింద కట్టుబడి బంట్లున్నారు. కట్టుబడి అంటే ఒక ఏర్పాటు. బంటుకు కొంత పొలం ఇనాంగా ఉంటుంది. దాని మీద తేలికైన పన్ను కడితే చాలు, కొన్నిచోట్ల అదీ ఉండదు. బదులుగా అతను ఊరికి కాపలా కాయాలి, దొంగలను పట్టాలి, పిలుపు వస్తే ఆయుధంతో కదలాలి. వాన కురిస్తే మడక, దండు కదిలితే బల్లెం. సేద్యగాడూ సైనికుడూ కాపలాదారూ ఒకే మనిషి. ‘మాటకు కట్టుబడి ఉండు’ అని ఇవాళ్టికీ మనం పిల్లలకు చెప్పే మాటలో ఆ పాత ఒప్పందపు జాడ ఇంకా బతికి ఉంది.

1800 నుంచి 1807 దాకా ఇక్కడ ప్రిన్సిపల్ కలెక్టరుగా ఉన్నవాడు థామస్ మన్రో. గండి బంగారు తోరణం ఆయన కంటికి కనిపించిందని ఈ ప్రాంతం చెప్పుకుంటుంది. ఆయన రైతుతో నేరుగా పన్ను ఒప్పందం చేసుకునే పద్ధతిని ఇక్కడ స్థిరపరిచాడు. పాలెగాళ్ళను సైన్యబలంతో అణచి, వాళ్ళ దండ్లను రద్దుచేయించాడు. నడిబజారులో కొట్లాటలు తగ్గాయన్నది నిజం. ఆ మార్పులో బంటు అనే మనిషికి మాత్రం నిలబడే చోటు పోయింది. కొందరు కంపెనీ కచేరీల్లో కొలువుకు చేరారు. ఇంకొందరు ఊరి కావలివాళ్ళుగా మిగిలారు. మరికొందరి ఇనాములు దశాబ్దాల తరబడి ఒకటొకటిగా సర్కారులో కలిసిపోయాయి.

ఆ కడుపుమంట 1846లో బయటపడింది. పాలెగాళ్ళ కుటుంబానికి చెందిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కోయిలకుంట్ల ఖజానా మీదికి కదిలినప్పుడు ఆయన వెంట నడిచినవాళ్ళలో ఇనాములు పోగొట్టుకున్న కట్టుబడి బంట్లు ముఖ్యులు. రెండు వైపులా ఉన్న ఋణంలో ఒక వైపు తెగ్గోస్తే ఏమవుతుందో ఆ ప్రాంతం, అంటే రేనాడు, ఆ సంవత్సరం చూపించింది. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఆయనను ఉరితీశారు. ఆయన తల ఏళ్ళ తరబడి కోట గుమ్మానికి వేలాడింది. రాముడి బంటు కొలువు కోరుకున్న త్యాగరాజు తిరువయ్యారులో కన్నుమూసింది అదే ఏడాది జనవరి 6న. బంటు అనే మాటకు పాటలో పట్టం కట్టినవారూ, పోరులో బంట్లకు ముందు నిలిచినవారూ దాదాపు ఏడు వారాల తేడాతో వెళ్ళిపోయారు. ఆ తరవాత ఆ మాట తెలుగు వ్యవహారంలో ఒక మెట్టు దిగింది.

దిగిన రూపమే బంట్రోతు. బంటుకు రౌతు చేరి ఈ మాట వచ్చిందని చెబుతారు. రౌతు అంటే గుర్రపు భటుడు. రాజపుత్ర శబ్దం రాహుత్తుగా, రౌతుగా మారింది. కాలిబంటూ గుర్రపు రౌతూ కలిసిన మాటకు ఎంత మర్యాద ఉండాలి? కంపెనీ కచేరీల్లో అదే మాట కాగితాలు మోసే జవానుకు పేరైంది. అతని భుజం మీదుగా డవాలి వేలాడేది, డవాలికి ఇత్తడి బిళ్ళ ఉండేది. జనం బిళ్ళబంట్రోతు అన్నారు. ఒకప్పుడు బంటు ఎవరి మనిషో చెప్పే గౌరవచిహ్నం ఆ బిళ్ళ. త్యాగరాజు భక్తిగా తొడుక్కున్నదీ దాన్నే. ఇప్పుడది దొర గదికి ఎవరిని రానివ్వాలో, ఎవరిని ఆపాలో చెప్పే సర్కారు గుర్తయింది. తరవాత బంట్రోతు అటెండర్ అయ్యాడు, ఆఫీస్ సబార్డినేట్ అయ్యాడు. పేరు మారిన ప్రతిసారీ పాత యుద్ధపు జ్ఞాపకం ఒక పొర రాలిపోయింది. ఆ ఉద్యోగంలో తక్కువేమీ లేదు. తక్కువదనం మనం సేవ అనే మాటకు అంటగట్టింది. శౌర్యాన్ని వీరుడికి రాసిచ్చి, సేవను బంట్రోతుకు వదిలేశాం. రెండూ ఒకే చెట్టు కొమ్మలని మరిచాం.

జనం మాత్రం పూర్తిగా మరవలేదు. రేనాటికి సూర్యుడూ చంద్రుడూ ఇద్దరున్నారని ఇక్కడి పదాలూ కథలూ చెబుతాయి. సూర్యుడు నరసింహారెడ్డి. చంద్రుడు బుడ్డా వెంగళరెడ్డి. ఈయనదీ ఉయ్యాలవాడే. 1866 కరువులో తన గాదెలు తెరిచి, వచ్చినవాళ్ళందరికీ అన్నం పెట్టిన మనిషి. ఒకాయన పోరాడి చనిపోయాడు, ఒకాయన వండి వడ్డించాడు.  పాడుకునే జనం వీళ్ళను ఒక జంటగా నిలిపారు. కత్తి పట్టిన చేతికీ అన్నం పెట్టిన చేతికీ ఆకాశంలో సమానమైన చోటిచ్చారు. బంటు అనే మాట మోసిన రెండు అర్థాలను ఆ మాట వాడకుండానే కాపాడుకున్నారు.

ఈ మాట కథలో ఉత్తరదేశపు అధ్యాయం ఒకటుంది. కంపెనీ కొలువులో చేరిన తొలి సిపాయిల్లో తెలుగువాళ్ళు ఎక్కువ. 1756 చివర క్లైవు మద్రాసు నుంచి బెంగాలుకు తీసుకుపోయిన దండులో వాళ్ళున్నారు. దాంతో అక్కడి జనం కంపెనీ సిపాయి ఎవరైనా సరే అతన్ని ‘తిలంగా’ అనసాగారు. వందేళ్ళ తరవాత 1857లో ఢిల్లీ వీధుల్లో తిరగబడిన సిపాయిలు అవధ్, బీహారు వైపువాళ్ళు. అయినా ఢిల్లీ జనం వాళ్ళనూ తిలంగాలనే పిలిచారు. తెలుగువాడన్న మాట ఉత్తరదేశంలో సైనికుడన్న అర్థానికి తిరిగింది. మనలో చాలామందికి ఈ సంగతి తెలియదు. ఆ సిపాయిలు పరాయి ఏలిక జొన్నలు తిన్నారు, పరాయి ఏలిక యుద్ధాలు చేశారు. దాన్ని దాచనక్కరలేదు. పేద ఇంటి బిడ్డ జీతం కోసం దూరదేశం పోయి, ఒప్పుకున్న పనిని ప్రాణం ఒడ్డి చేశాడన్నదీ అంతే నిజం. ఎవరి బంటు అన్న ప్రశ్న ఎంత ముఖ్యమో తిలంగా అనే మాట చెబుతుంది.

చనిపోయిన బంటును మనవాళ్ళు ఎలా గౌరవించారో చూడాలంటే వీరగల్లుల దగ్గరికి పోవాలి. కల్లు అంటే రాయి. ఓరుగల్లులో, సన్నెకల్లులో ఉన్నది ఆ కల్లే. ఎర్రగుంట్ల దగ్గరి కలమళ్ళలో దాదాపు 575 నాటి రేనాటి చోళుల శాసనం ఉన్న జిల్లా ఇది. మనకు దొరికినంతలో పూర్తి తెలుగు శాసనం మొదట రాయి మీదికి ఎక్కింది ఈ నేలలోనే. అలా ఎక్కిన తెలుగు దానధర్మాలతో పాటు పోరులో పడినవాళ్ళ పేర్లనూ మోసింది. మదనపల్లె, పుంగనూరు వైపున్న వైదుంబుల కాలపు వీరగల్లులు సోరెమడి యుద్ధంలో పడినవాళ్ళను తలుస్తాయి. ఆవులమందను దొంగలు తోలుకుపోతుంటే అడ్డుపడి చనిపోయినవాడికీ, ఊరి మీద పడిన దండును ఆపి చనిపోయినవాడికీ సీమలో రాళ్ళు నిలబడ్డాయి. రాజుకే కాక పల్లె బిడ్డకూ శిల్పం దక్కిన చోటు వీరగల్లు.

రాయి నిలబెట్టడంతో పని అయిపోయిందని వాళ్ళు అనుకోలేదు. చనిపోయినవాడి కుటుంబానికి పొలం ఇచ్చేవాళ్ళు. కన్నడ శాసనాల్లో దీని పేరు ‘నెత్తరుగొడగె’. నెత్తురుకు ఇచ్చిన కొడగె, అంటే దానభూమి. మాట వినడానికి గరుకుగా ఉంటుంది కానీ అందులో ఎంతో బాధ్యత ఉంది. ఆ పొలంలో పండిన ప్రతి గింజ మీదా ఒక మనిషి నెత్తురు లెక్క ఉందని పేరులోనే రాసిపెట్టారు. భృ ధాతువు చెప్పిన ఋణం అక్కడ పూర్తవుతుంది. భరించేవాడు పోయాక అతని ఇంటిని ఊరు భరించింది. సైన్యంలో చనిపోయినవాళ్ళ భార్యలను ఇవాళ ‘వీర్ నారి’ అంటున్నారు. తెలుగులో వీరనారి అంటే పరాక్రమం గల స్త్రీ. ఆ రెండో అర్థమే సరైనది. భర్త అంటే భరించేవాడు. అతను లేని ఇంట్లో భరించే పని అంతా ఆమె మీదికే వస్తుంది. ఆ పనికీ బంటుతనమే కావాలి.

కింది ఉద్యోగి ఒకరు పైవాళ్ళను తలచుకున్న గొప్ప శాసనం నల్గొండ వైపు చందుపట్లలో ఉంది. 1289 నవంబరులో పువ్వుల ముమ్మడి అనే అతను రుద్రమదేవికీ ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ పుణ్యంగా అక్కడి సోమనాథుడికి భూమి ఇచ్చాడు. వాళ్ళిద్దరూ అంబదేవుడితో జరిగిన పోరులో మరణించారని చరిత్రకారుల భావన. అంబదేవుడు మన జిల్లాలోని వల్లూరు నుంచి ఏలిన కాయస్థ నాయకుడు. ఓరుగల్లును ఏలిన రాణి మరణం మనకు తెలిసింది ఆస్థాన కవి కావ్యం వల్ల కాదు, కొలువులో ఉన్న ఒక మనిషి కృతజ్ఞత వల్ల. గండి కథలో ఏలిక బంటును తలచాడు. చందుపట్లలో కొలువు మనిషి ఏలికను తలచాడు. ఋణం రెండు వైపులా సాగిందని చెప్పడానికి ఈ రెండూ చాలు.

ఇప్పుడు మన కాలపు మాటకు వద్దాం. మాజీ సైనికుడు అంటాం. మాజీ అరబ్బీ నుంచి వచ్చింది. గడచిపోయినది అని అర్థం. ఉర్దూ వ్యాకరణంలో భూతకాలానికి అదే పేరు. మాజీ మంత్రి, మాజీ సర్పంచి అంటే అర్థముంది. పదవి దిగాడు, అధికారం పోయింది. సైనికుడికి తగిలిస్తే అది అతని పదిహేనేళ్ళనూ ఇరవయ్యేళ్ళనూ భూతకాలంలో పెట్టి తాళం వేస్తుంది. వేంపల్లె చుట్టుపక్కల పల్లెలు ఈ మాటను నోట ఆడవు. ‘ఆయప్ప మిలట్రీలో చేసొచ్చినాడు’ అంటారు. తరవాత ఆయన పేరు ముందు మిలట్రీ చేరిపోతుంది. ఇంటిపేరు కన్నా గట్టిగా అతుక్కుంటుంది. చివరిదాకా మిలట్రీ తాతే. పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం ఊరికి ఊరే మిలటరీ మాధవరం అయింది. తరాల తరబడి సైన్యానికి బిడ్డలను పంపిన ఊరికి జనం ఇచ్చిన బిరుదు అది. కాగితం మాజీ అంటుంది, ఊరు అనదు. ఊరి మాటే బంటు అనే పాత మాటకు దగ్గర. బంటుకు మాజీ బంటు అనే రూపం తెలుగులో ఎన్నడూ పుట్టలేదు.

సర్కారు గౌరవాల్లోనూ ఆ పాత పద్ధతి అప్పుడప్పుడూ మేలుకుంటుంది. 1971 యుద్ధానికి యాభై ఏళ్ళయిన సందర్భంలో ఆ గెలుపుకు గుర్తుగా దేశమంతా తిప్పిన విజయజ్యోతి 2021 ఫిబ్రవరి 18న తిరుపతికి వచ్చింది. ఆ యుద్ధంలో గూర్ఖా దళాన్ని నడిపి మహావీర చక్ర పొందిన మేజర్ జనరల్ చిత్తూరు వేణుగోపాల్ ఇంటికి అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్మోహన్‌రెడ్డి వెళ్ళి సత్కరించారు. వేంపల్లె చేరి ఉన్న పులివెందుల నియోజకవర్గం నుంచి గెలిచినవారాయన. తొంభై దాటిన యోధుణ్ణి వేదిక మీదికి పిలవకుండా ఏలుబడి అతని గడప దాకా వెళ్ళడం సరైన పని. 2025 మే 9న జమ్మూ కాశ్మీర్ సరిహద్దులో చనిపోయిన మురళీ నాయక్‌ది గోరంట్ల మండలం కల్లి తండా. అగ్నివీరుడిగా చేరిన గిరిజన యువకుడు. ఆ కుటుంబానికి రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించిన సాయంలో ఐదెకరాల పొలం ఉంది. ఆ ప్రకటన రాసినవాళ్ళకు నెత్తరుగొడగె అనే మాట తెలిసినా తెలియకపోయినా, ఈ సీమ పాత అలవాటు అక్కడ మళ్ళీ పలికింది.

బంటు అనే మాట మీద ఒక అభ్యంతరం ఉంది. దాన్ని ఎదుర్కోకుండా దాటిపోవడం తగదు. బంటు అంటే దొర వెనక నడిచే మనిషి అన్న వాసన ఉందని అంటారు. నిజమే. ఈ సీమలో బంటుతనం ఎన్నో ఏళ్ళు దారి తప్పింది. ‘ఫలానావారి మనిషి’ అనిపించుకోవడం కోసం మంచి మంచి యువకులు బాంబుల సంచులు మోశారు, జైళ్ళకు పోయారు, పొలం గట్ల మీద చచ్చిపడ్డారు. వాళ్ళకు ధైర్యం లేక కాదు, విశ్వాసం లేక కాదు. ఆ రెండూ ఉండబట్టే వాడుకోబడ్డారు. వాళ్ళ తల్లుల ఏడుపుకు ఏ వీరగల్లూ నిలబడలేదు. లోపం బంటులో లేదు, ఏలికలో ఉంది. భారత సైనికుడు కొలువులో చేరేటప్పుడు రాజ్యాంగానికి విధేయుడినై ఉంటానని ప్రమాణం చేస్తాడు. వ్యక్తికి కాదు, కులానికి కాదు, పార్టీకి కాదు. రాజ్యాంగం మొదలయ్యేదే ‘ప్రజలమైన మేము’ అన్న భావంతో. కాబట్టి అతని ఏలికలం మనం. పాపాఘ్ని ఒడ్డున శనగ వేసుకునే రైతు, వేంపల్లె బస్టాండులో టీ కాచే మనిషి, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో చదువుకునే పిల్ల, వీళ్ళే ఏలికలు. బంటు అనే మాటకు ఇంతకన్నా నిర్మలమైన అర్థం చరిత్రలో ఎన్నడూ దొరకలేదు.

ఏలికలమని ఒప్పుకుంటే ఏలిక ధర్మమూ ఒప్పుకోవాలి. డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినానికి చిన్న జెండా కొని చొక్కాకు గుచ్చుకోవడం మంచిదే. 1949 నుంచి వస్తున్న ఆనవాయితీ అది. అంతటితో ఋణం తీరదు. సైన్యం నుంచి ముప్పై అయిదు, నలభై ఏళ్ళకే తిరిగి వచ్చే మనిషి ముందు ఇంకా సగం జీవితముంటుంది. అతను బ్యాంకు గుమ్మం దగ్గర తుపాకీతో నిలబడతాడు. సెలక్షన్లకు పోయే ఊరి పిల్లలను తెల్లవారుజామున చెరువు కట్ట మీద పరుగెత్తిస్తాడు. ఎవరికో నెత్తురు కావాలంటే ముందు తానే బయలుదేరతాడు. ఊళ్ళో రెండు వర్గాలు ఎదురుపడితే నడుమ నిలబడి ఇద్దరినీ వెనక్కి పంపగల మనిషి చాలాసార్లు అతనే. యుద్ధంలో చూపింది ఎంత శౌర్యమో ఇదీ అంతే శౌర్యం. మనం మొదటిదానికి శాలువా కప్పుతాం, రెండోదాన్ని కాలక్షేపం అనుకుంటాం. బంటు అనే మాట మన నోట్లో బతికి ఉంటే ఈ పొరపాటు జరగదు. ఆ మాట రెండింటినీ ఒకే చూపుతో చూస్తుంది.

అందుకని ఈ వ్యాసం చదివినవారికి మూడు విన్నపాలు. మీ ఊళ్ళో సైన్యానికి పోయి వచ్చినవాళ్ళ పేర్లు, వాళ్ళు పనిచేసిన దళాలు, చూసిన యుద్ధాలు ఒక పుస్తకంలో రాసిపెట్టండి. 1962, 1965, 1971 చూసినవాళ్ళు రోజురోజుకూ తగ్గిపోతున్నారు. వాళ్ళ నోటిమాట పోతే ఊరి చరిత్రలో ఆ పుటలు ఖాళీగా మిగులుతాయి. రెండోది, పింఛను కాగితాలతో సతమతమయ్యే వృద్ధ సైనికుడికో, వాళ్ళ ఇల్లాలికో తోడుగా జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం దాకా ఒక్కసారి వెళ్ళి రండి. మూడోది, మీ పొలిమేరలో కత్తీ డాలూ పట్టిన మనిషి బొమ్మ చెక్కిన రాయి ఏదైనా మట్టిలో పడి ఉంటే దాన్ని నిలబెట్టండి. దాని మీద అక్షరాలుంటే పురావస్తు శాఖకు తెలియజేయండి. అతను మీ ఊరి బంటు. అతనికి మనం ఏలికలం. తలచుకునే పని మనదే.